గోతిలో తిన్న దెబ్బ హైవే మీద పేలుతుంది

ఉబ్బిన టైర్లతో కిరాయి కార్లు: ఎక్కేవారికి తెలియని ముప్పు

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాటే వరకు జాతీయ రహదారి అంచుల్లో నల్లని రబ్బరు పేలికలు పాము కుబుసాల్లా పడి ఉండడం ఎండాకాలంలో ఆ దారిన పోయే ప్రతివారూ చూసేదే. చాలావరకు అవి లారీల రీసోలు టైర్ల మీద నుంచి ఊడిన పట్టీలు. అక్కడక్కడ మాత్రం పక్క నిలువునా చీలి, నోరు తెరుచుకుని పడి ఉన్న చిన్న టైరు కనిపిస్తుంది. అది కారుది. అది అక్కడ పడేముందు ఆ కారు ఏమైందో, లోపల ఎవరున్నారో దారిన పోయేవారికి తెలియదు.

కారు టైరు గొడవ కారున్నవాడిది, పల్లెలో ఉన్నవాడికెందుకు అనుకోవడానికి వీల్లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సొంత కారు లేని కుటుంబాలకు కూడా ఏడాదిలో ఒకటి రెండుసార్లయినా కిరాయి కారు ఎక్కక తప్పదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనా, కేసు ముదిరితే ఉద్దానం రోగిని రాత్రికి రాత్రి విశాఖ కె.జి.హెచ్.కు తీసుకుపోయేది కిరాయి కారులోనే. పెళ్ళివారు కదలాలన్నా, రథసప్తమికి అరసవల్లి, సిరిమానుకు విజయనగరం, చందనోత్సవానికి సింహాచలం వెళ్ళాలన్నా అదే దారి. కారు మాట్లాడేటప్పుడు కిలోమీటరుకెంత, ఎ.సి. ఉందా, డ్రైవరు బత్తా ఎవరిది అని పది ప్రశ్నలు వేస్తారు. టైర్ల కేసి ఒక్కసారి వంగి చూసేవారు అరుదు.

రెండు రోడ్ల మధ్య నలిగే టైరు

ఈ జిల్లాల్లో కారు బతుకు రెండు రకాల రోడ్ల మధ్య నడుస్తోంది. ఒకటి 16వ నంబరు జాతీయ రహదారి. 2010కి ముందు దీన్ని 5వ నంబరు అనేవారు, పెద్దలు ఇప్పటికీ అలాగే అంటారు. స్వర్ణ చతుర్భుజి పథకంలో ఇది నాలుగు వరుసలయింది. తర్వాత నరసన్నపేట నుంచి ఆనందపురం వరకు ఆరు వరుసలు వేశారు. ఇక్కడ స్పీడు ముల్లు తొంభై, వంద మీద ఆడుతుంటుంది. రెండోది ఊళ్ళలోకి పోయే రోడ్డు. ఒక వానాకాలం గడిస్తే చాలు, తారు లేచి, కంకర తేలి, మోకాటి లోతు కాకపోయినా జానెడు లోతు గోతులు పడతాయి. చిలకపాలెం, రాజాం, రామభద్రపురం మీదుగా రాయగడ పోయే సి.ఆర్.ఆర్. రోడ్డు పాడయి ఉన్న రోజుల్లో దాని మీద బండి నడిపిన వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

చిక్కు ఎక్కడంటే, టైరుకు దెబ్బ తగిలేది రెండో రోడ్డు మీద, అది పేలేది మొదటి రోడ్డు మీద. గోతి అంచు పలుగులా ఉంటుంది. చక్రం అందులోకి దిగి ఎక్కేటప్పుడు టైరు పక్క భాగం గోతి అంచుకీ ఇనుప రిమ్ముకీ మధ్య పడి నలుగుతుంది. రోటికీ రోకలికీ మధ్య పడ్డట్టన్నమాట. పైకి ఏమీ కనబడదు. గాలి దిగదు. డ్రైవరు దిగి ఒక తన్ను తన్ని చూసి, బాగానే ఉందనుకుని ఎక్కేస్తాడు. కాని లోపల దారపు పోగులు కొన్ని తెగిపోయి ఉంటాయి. వారానికో, నెలకో ఆ చోట కోడిగుడ్డంత బుడిపె లేస్తుంది. అది కారు లోపలి వైపు లేస్తే చూసే నాథుడే ఉండడు. మడపాం టోల్‌గేటు దాటి వేగం అందుకున్నాక ఒక మధ్యాహ్నం అది పేలుతుంది. ఏ గోతిలోనూ దించలేదు, నిక్షేపంలాంటి రోడ్డు మీద పేలింది అని డ్రైవరు చెబుతాడు. అతను అబద్ధమాడడం లేదు. గోతిలో దించిన రోజు అతనికి గుర్తులేదు, అంతే.

పక్కన ఉక్కు ఉండదు

అంబాసిడర్ కార్ల కాలంలో 5.90-15 సైజు టైరు ఉండేది. లోపల ట్యూబు. నైలాను దారపు పొరలు అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పరిచి దాన్ని తయారుచేసేవారు. పక్క భాగం కూడా ఆ పొరలతోనే మందంగా ఉండేది. నడుము విరిగేలా కుదిపినా గోతుల్ని ఓర్చుకునేది. ఇప్పుడు కార్లన్నిటికీ రేడియల్ టైర్లే. 1946లో ఫ్రాన్సులో మిషలిన్ కంపెనీ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఇందులో దారాలు ఒక అంచు నుంచి రెండో అంచుకు నేరుగా పోతాయి. రోడ్డుకు తగిలే భాగం కింద మాత్రమే ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. పక్కల్లో ఉక్కు ఉండదు. కారు టైరుకయితే అక్కడ ఒకటి, మహా అయితే రెండు పొరల పాలిస్టరు దారం, దాని మీద రబ్బరు. అంతే. పక్క మెత్తగా వంగుతుంది గనుకనే కారు కుదుపు లేకుండా పోతుంది, టైరు తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కిలోమీటర్లు తిరుగుతుంది. ఆ సుఖానికి ఇదీ ధర.

పైగా కొత్త మోడళ్ళ మోజులో టైరు పక్క ఎత్తు తగ్గిపోతోంది. టైరు మీద 185/65 ఆర్ 15 88 హెచ్ అని అచ్చు వేసి ఉంటే, వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో నూటికి 65 వంతులు, అంటే 120 మిల్లీమీటర్లు, రిమ్ము 15 అంగుళాలు. 88 అనేది ఒక్కో టైరు 560 కిలోలు మోయగలదని చెప్పే అంకె. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వరకు వేగం. అదే 195/55 ఆర్ 16 అయితే పక్క ఎత్తు 107 మిల్లీమీటర్లే. ఆ తగ్గిన అర అంగుళమే గోతిలో రిమ్మును కాపాడాల్సిన మెత్త. సోకు కోసం పెద్ద అల్లాయ్ రిమ్ములు, సన్నటి టైర్లు వేయించుకుని గోతుల రోడ్డు మీద తిరిగే కుర్రకారు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఇక్కడ ఒక పొరపాటు జనంలో బాగా ఉంది. టైరు పక్కన నిలువుగా చిన్న లొట్ట, గాడి లాంటిది కనిపిస్తే టైరు చెడిపోయిందని కంగారుపడి షాపు వాళ్ళతో తగవు పడుతుంటారు. లోపలి దారపు గుడ్డ రెండు కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికిన చోట అలా లోపలికి నొక్కుకున్నట్టుంటుంది. దాని వల్ల భయం లేదు. భయపడాల్సింది బయటికి ఉబ్బిన దానికి. ఉబ్బిందంటే దారం తెగింది, లేదా పొరలు విడిపోయాయి, గాలి రబ్బరును మాత్రమే ఆనుకుని ఉంది అని అర్థం. దానికి మందు లేదు. లోపల గేటరు వేసి, మెల్లగా పోతే ఏమీ కాదని చెప్పే పంక్చరు షాపులు ఉన్నాయి. రోడ్డుకు తగిలే భాగంలో మేకు దిగితే ప్యాచ్ వేయవచ్చు గాని, నిత్యం వంగుతూ ఉండే పక్క భాగానికి వేసిన ప్యాచ్‌ను నమ్మి వంద స్పీడులో పోవడం ప్రాణంతో చెలగాటం.

ఎండలకు గాలి తగ్గించే అలవాటు

ఎండాకాలం వచ్చిందంటే టైర్లలో గాలి నాలుగైదు పౌండ్లు తగ్గించి నడిపే డ్రైవర్లు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. వేడికి గాలి వ్యాకోచించి టైరు పేలుతుందని వారి భయం. వినడానికి సబబుగానే ఉన్నా జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. గాలి తగ్గితే టైరు పక్కలు ఎక్కువగా నలుగుతాయి. పైన చెప్పిన 15 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 510 సార్లు తిరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో అయితే గంటలో 46 వేల సార్లు. అన్నిసార్లు ఆ పక్క వంగి లేవాలి. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వేడెక్కి పుటుక్కున తెగే తీరు పల్లెలో అందరికీ తెలుసు. టైరులో జరిగేదీ అదే. వేడికి రబ్బరు, దారం మధ్య పట్టు సడలుతుంది. అందులో ఐదుగురు ఎక్కాల్సిన కారులో ఎనిమిది మంది, డిక్కీలో రెండు బస్తాలు, పైన ఎండ.

కారుకు ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించిన చీటీ మీద ఉంటుంది. చాలా చిన్న కార్లకు 30 నుంచి 33 పౌండ్లు. ఆ అంకె బండి తిరగక ముందు, చల్లగా ఉన్నప్పటి లెక్క. నాథవలస టోల్‌గేటు దగ్గర ఆగి చూస్తే నాలుగైదు పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. అది సహజం. టైరు తయారుచేసిన వారు దానికి లెక్క కట్టే చేశారు. అప్పుడు గాలి తీసేస్తే టైరు చల్లారాక కావలసిన దానికంటే తక్కువ మిగులుతుంది. ఇక నైట్రోజన్ పట్టిస్తే టైరు పేలదనే ప్రచారం ఒకటి. ఊరికే దొరికే గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజన్ ఉంది. డబ్బిచ్చి పట్టించుకుంటే నష్టం లేదు గాని, వారానికోసారి గాలి చూసుకోవడం మానేయడానికి అది లైసెన్సు కాదు.

సాలూరు క్లీనరు చెవి

టైరు సంగతి తెలిసినవారు ఎవరని అడిగితే ఈ ప్రాంతంలో ఎవరైనా సాలూరు వైపే వేలు చూపిస్తారు. రాష్ట్రంలో లారీలకు విజయవాడ తర్వాత సాలూరే అని చెప్పుకునేవారు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళే వరకు అది విజయనగరం జిల్లా పట్టణమే. విశాఖ నుంచి రాయ్‌పూర్ పోయే లారీ ఇక్కడి నుంచి సుంకి ఘాటీ ఎక్కాలి. ఎక్కేటప్పుడు బరువు వెనక టైర్ల మీద పడుతుంది. దిగేటప్పుడు బ్రేకు డ్రమ్ముల వేడి రిమ్ము నుంచి టైరు అంచుకు పాకుతుంది. అందుకే ఘాటీ దిగాక లారీ ఆపి, క్లీనరు ఇనుప కడ్డీ పట్టుకుని టైర్లన్నిటినీ ఒక్కొక్కటిగా కొట్టి చూసే అలవాటు ఉండేది. గాలి సరిగా ఉన్న టైరు గంటలా పలుకుతుంది, దిగినది చప్పగా పలుకుతుంది. జంట టైర్లలో లోపలిది దిగిపోతే కంటికి కనబడదు, చెవికి తెలుస్తుంది. టైర్ల మధ్య ఇరుక్కున్న రాళ్ళను తీసేదీ క్లీనరే. క్లీనరు లేకుండా నడిచే లారీలు పెరిగిన కొద్దీ ఆ చెవి కరువైంది. కారుకు అది మొదటి నుంచీ లేదు.

బరువు సంగతి కూడా చెప్పుకోవాలి. 2018 జులైలో కేంద్రం లారీల ఇరుసు బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్లున్న ఇరుసుకు 10.2 టన్నులు ఉన్నది 11.5 టన్నులయింది. అంతకుముందే పరిమితి మించి మోసే లారీలకు అది ఇంకొంచెం చనువిచ్చినట్టయింది.

రీసోలు టైరు అనగానే తీసి పారేయాల్సిన పని లేదు. పాత టైరు ఒళ్ళు గట్టిగా ఉంటే, మంచి షాపులో పట్టీ వేయిస్తే లారీ వెనక చక్రాలకు చక్కగా పనికొస్తుంది. ముందు చక్రాలకు వేయకూడదన్నది లారీ డ్రైవరు మర్చిపోని నియమం. కాని అరిగి నున్నబడిన కారు టైరు మీద వేడి కత్తితో కొత్తగా గాడులు కోసి, నల్ల రంగు పూసి అమ్మే వ్యాపారం వేరు. గాడి కోసిన కొద్దీ కింది ఉక్కు తీగకు రబ్బరు కాపు పలచబడుతుంది. అది మోసమే.

పంక్చరు షాపుల్లో పనిచేసే కుర్రవాళ్ళకూ ఈ పక్క గోడ వల్లనే ప్రమాదం ఉంది. ఉక్కు తీగలున్న లారీ రేడియల్ టైరు గాలి తక్కువతో చాలా దూరం నడిచి వచ్చాక, చూడకుండా మళ్ళీ గాలి ఎక్కిస్తే, పక్కన తీగలు జిప్పు లాగినట్టు వరసగా తెగి బాంబులా పేలుతుంది. లారీ టైరులో గాలి వంద పౌండ్లకు పైనే. అటువంటి టైరును ఇనుప పంజరంలో పెట్టి, పొడుగు గొట్టంతో, పక్కకు తప్పుకుని నిలబడి గాలి పట్టాలి. రోడ్డు పక్క పాకలో పంజరం ఎక్కడిది? టైరు మీద కాలు పెట్టి గాలి పట్టే దృశ్యమే సర్వసాధారణం.

కంపెనీ మాట, ఓనరు మాట

కొన్న ఆరు నెలలకే టైరు ఉబ్బితే ఓనరు దాన్ని పట్టుకుని డీలరు దగ్గరకు వెళతాడు. డీలరు కంపెనీకి పంపుతాడు. కంపెనీ మనిషి వచ్చి చూస్తాడు. తయారీ లోపమని తేలితే అరిగినంత మేరకు ధర తగ్గించి కొత్త టైరు ఇస్తారు. ఎక్కువసార్లు వచ్చే జవాబు మాత్రం బయటి దెబ్బ వల్ల ఉబ్బింది, క్లెయిము లేదు అన్నదే. ఏ కంపెనీ అయినా ఇదే పాట పాడుతుందని టాక్సీ డ్రైవర్ల ఫిర్యాదు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే, ఉబ్బిన టైర్లలో చాలావరకు దెబ్బ తిన్నవే. గోతి దెబ్బయితే టైరు ఊడదీసి లోపల చూసినప్పుడు దారాలు తెగిన గీత కనిపిస్తుంది. తరచు ఆ చోటే రిమ్ము అంచు కూడా వంగి ఉంటుంది. రిమ్ముకు దెబ్బ లేకుండా, లోపల దారం తెగకుండా, పొరలు విడిపోయి ఉబ్బితే, అందులోనూ ఒకేసారి కొన్న టైర్లలో రెండు మూడింటికి అలాగే వస్తే, తయారీ మీద అనుమానపడాల్సిందే.

కాబట్టి ఓనరు చేయాల్సింది బిల్లు దాచుకోవడం, టైరు ఊడదీయించేటప్పుడు దగ్గరుండి లోపలా బయటా, రిమ్ముతో సహా ఫొటోలు తీయించడం, కంపెనీ తిరస్కరిస్తే కారణం కాగితం మీద రాయించుకోవడం. నోటిమాటతో పంపేస్తే చేతిలో ఏమీ ఉండదు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ళలోపు వేయాలి. ముందు 1915 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

టైర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం 2009లో ఉత్తర్వు తెచ్చింది. ఆ ముద్ర లేని కొత్త టైరు కొనకూడదు. తయారయిన తేదీ కూడా టైరు పక్కనే నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. కొత్తది అని చెప్పి మూలన పడి ఉన్న పాత సరుకు అంటగడుతున్నారా అన్నది ఆ నాలుగంకెలే చెబుతాయి.

దేవుడి మీద నెట్టేస్తే కుదరదు

టైరు పేలి మనుషులు పోతే, అది దైవ ఘటన, ఎవరి తప్పూ లేదు అని బీమా కంపెనీ వాదిస్తే బాధితుల గతేమిటి? బొంబాయి హైకోర్టు 2023 మార్చిలో దీనిపై చెప్పిన తీర్పు తెలుసుకోదగినది. 2010 అక్టోబరులో పుణె నుంచి ముంబయి వెళుతున్న కారు వెనక టైరు పేలి, బండి లోతైన గుంటలో పడి అందులో ఉన్న ఒక వ్యక్తి చనిపోయాడు. కుటుంబానికి సుమారు కోటీ పాతిక లక్షలు ఇవ్వాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. టైరు పేలడం దైవ ఘటన అంటూ బీమా కంపెనీ హైకోర్టుకు వెళ్ళింది. టైరు పేలడం దైవ ఘటన కాదు, మనిషి నిర్లక్ష్యమే అని హైకోర్టు ఆ అప్పీలును కొట్టివేసింది. అతివేగం, గాలి ఎక్కువ తక్కువలు, పాత టైర్లు, ఇవన్నీ పేలడానికి కారణాలు కావచ్చని, ప్రయాణానికి ముందు టైర్లు చూసుకోవాల్సిన బాధ్యత బండి నడిపేవారిదేనని ఆ తీర్పు సారాంశం.

అలాగని టైరు పేలిందని చెప్పిందల్లా నిజం కానక్కరలేదు. 2023 జులై 1న మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో సమృద్ధి రహదారిపై బస్సు తగలబడి 25 మంది చనిపోయినప్పుడు టైరు పేలిందని డ్రైవరు చెప్పాడు. రవాణా శాఖ పరిశీలనలో టైరు పేలిన ఆనవాలు లేదని తేలింది. నిద్రమత్తును కప్పిపుచ్చడానికి టైరు మీద తోసేయడం ఎక్కడయినా తేలికే.

తప్పు నిజంగానే తయారీదారుది అయిన సందర్భాలూ లోకంలో ఉన్నాయి. అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 2000 ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఫోర్డు కంపెనీ వారి ఒక రకం పెద్ద కార్లకు వేసిన టైర్ల పై పట్టీ ఊడి, బండ్లు పల్టీలు కొట్టాయి. 271 మరణాలకు వాటితో సంబంధం ఉందని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క తేల్చింది. అక్కడ కూడా గాలి దగ్గర తగాదా నడిచింది. కారు కంపెనీ 26 పౌండ్లు చాలంది, టైరు కంపెనీ 30 ఉండాలంది. ఆ గొడవ తర్వాతే గాలి తగ్గితే డ్రైవరు ముందు దీపం వెలిగే ఏర్పాటు అక్కడ కార్లకు తప్పనిసరయింది. మన దేశంలో లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం ప్రభుత్వానికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో వచ్చింది.

ఎక్కేముందు ఒక చూపు

నిబంధనల ప్రకారం కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండు, మూడు చక్రాల బండ్లకు 0.8 మిల్లీమీటర్లు. కొలబద్ద అక్కర్లేదు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు పోసి ఉంటాయి. రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమయితే టైరు పని అయిపోయినట్టే. పక్కన అరచేత్తో చుట్టూ తడిమితే బుడిపె చేతికి తగులుతుంది. లోపలి వైపు తడమడం మరవకూడదు. సన్నని పగుళ్ళు వలలా పాకి ఉంటే అది వయసు మళ్ళిన టైరు. స్టెప్నీ కూడా చూడాలి. ఉబ్బిన టైరును తీసేసి స్టెప్నీగా పడేసి, అవసరం వచ్చిన రాత్రి అదే మళ్ళీ ఎక్కించే డ్రైవర్లున్నారు.

బండి నడిపేవారు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి. టైరు పేలిన క్షణంలో కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. ఆ తొక్కుతోనే కారు గింగిరాలు తిరుగుతుంది. స్టీరింగు రెండు చేతులా గట్టిగా నిటారుగా పట్టుకుని, ఆక్సిలరేటరు మెల్లగా వదిలి, వేగం దానంతటదే తగ్గనిచ్చి ఎడమ పక్కకు తీయాలి.

కారు నుంచి తీసేసిన టైర్లు ఎక్కడికి పోతున్నాయన్నది మరో కథ. లారీ, జీపు టైర్లు పూర్వం ఎడ్ల బండ్లకు చేరేవి. టైరు బండి అన్న పేరు అలా వచ్చిందే. ఎడ్ల నడకకు ఎంత ఉబ్బినా పేలేది కాదు. ఇప్పుడు ఎడ్ల బండ్లు తగ్గిపోయి, తీసేసిన కారు టైరు సెకండ్ హ్యాండు షాపు మీదుగా ఇంకో కిరాయి కారుకే చేరుతోంది. సగం ధరకు వస్తుంది కదా అని కొనే టాక్సీ ఓనరుకు నెల వాయిదా ఒత్తిడి ఉంది. ఆ కారు ఎక్కేవారికి ఆ సంగతి తెలియదు.

పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలి. అది ఆయిల్ కంపెనీలు పెట్టిన నియమం, పెట్రోలు కొట్టించుకున్నా కొట్టించుకోకపోయినా వర్తిస్తుంది. గాలి యంత్రం మూలనపడి ఉంటే, లేదా కుర్రవాడు లేడని పంపేస్తే, బంకులో ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని తేదీ వేసి రాయవచ్చు. ఆయిల్ కంపెనీ అధికారి ఫోను నంబరు కూడా బంకు గోడ మీద రాసి ఉంచాలి.